అడగని చెయ్యి

ఆదివారం పొద్దున హిందూపురంలో రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, రాగిపిండి సంచి ఒళ్లో పెట్టుకున్నాక నీలావతి మొదట అనుకున్న మాట, ఈరోజు ఆవిడ రాకుంటే బాగుండు అని. ఆవిడంటే వియ్యపురాలు లక్ష్మీనరసమ్మ. ఆమె కూడా ఇదే పొద్దున ధర్మవరంలో బయల్దేరుతుంది. చెరో వైపు నుంచీ వచ్చి ఇద్దరూ పెనుకొండలో దిగుతారు. నీలావతి ఒక్కగానొక్క కూతురు సుకన్య, అల్లుడు సాయినాథ్ కాపురం ఉండేది అక్కడే.

సుకన్య ఫిజియోథెరపిస్టు. బెంగళూరులో చదివేటప్పుడు చీగాంగ్ నేర్చుకుంది. అది చైనావాళ్ల పద్ధతి. ఊపిరికి తగ్గట్టు చేతులు నెమ్మదిగా కదుపుతూ ఒంట్లో ఏం జరుగుతోందో గమనించుకోవడం. ఆదివారాలు మిద్దె మీద వీధిలోని ఆడవాళ్లకు నేర్పుతుంది. ఇప్పుడు ఏడో నెల కాబట్టి కుర్చీలో కూర్చునే చెబుతోంది. తల్లికి భుజం పట్టేసిందని, అత్తకు మోకాళ్ల నొప్పులని ఇద్దరినీ రమ్మంది. ఇద్దరమ్మల్ని ఒకే మిద్దె మీద నిలబెడితే ఏమవుతుందో పాపం ఆ పిల్లకేం తెలుసు?

నీలావతి లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఏదైనా నేర్చుకుంటే పూర్తిగా నేర్చుకోవాలంటుంది. ఫోన్లో వీడియోలు చూసి, మోకాలు ఎంత వంచాలో, ఊపిరి ఎప్పుడు తీయాలో, ఎప్పుడు వదలాలో అన్నీ బట్టీ పట్టింది. లక్ష్మీనరసమ్మకు కుడిచెయ్యి ఎత్తమంటే ఎడమచెయ్యి లేస్తుంది. ఊపిరి వదలమన్నప్పుడు ఆవలింత వస్తుంది. కొంగు జారితే చేస్తున్నది ఆపేసి మరీ దోపుకుంటుంది. అయినా ప్రతి ఆదివారం మెప్పు మాత్రం ఆమెకే.

"ఇప్పుడు రెండు చేతుల మధ్య ఒక బంతి ఉండాదనుకోండి," అంది సుకన్య ఆ పొద్దున మిద్దె మీద కుర్చీలో కూర్చుని. "దాన్ని నొక్కొద్దు, జారనీయొద్దు. ఏమీ ఆలోచించొద్దు. చేతులకు ఏం తెలుస్తాందో చూడండి, అంతే."

నీలావతి చేతులు సరిగ్గా ఛాతీ ఎత్తున పెట్టింది. ఎంత బంతి? పిల్లలాడుకునే బంతా, ఫుట్‌బాలా? మోచేతులు ఇంకాస్త పక్కకు రావాలేమో. పోయిన వారం వేళ్ల మధ్య సందు ఎక్కువైందని చెప్పింది కదా. ఇలా అన్నీ సరిచేసుకునే లోపల చేతులు నొప్పి పుట్టాయి. బంతి మాత్రం దొరకలేదు.

"వెచ్చగా ఉండాదే పాపా!" పక్కన లక్ష్మీనరసమ్మ కళ్లు మూసుకునే నవ్వింది. "పిల్లికూనను పట్టుకున్నట్ల ఉండాది."

"అదే అత్తా! ఎంత బాగా చెప్పినావు!"

నీలావతికి ఒళ్లు మండింది. "నాకూ వెచ్చగానే ఉండాది," అంది గబుక్కున.

సుకన్య తల్లి మొహం చూసి నవ్వింది. "లేదులేమ్మా. నువ్వు లెక్క చేస్తాండావు. నొసలు ఎట్ల ముడి పడిందో చూసుకో."

మిద్దె మీద అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది లక్ష్మీనరసమ్మే అని నీలావతికి గట్టి నమ్మకం. నిజానికి ఆవిడ అప్పుడు కొంగు దోపుకుంటూ ఆ మాటే వినలేదు.

క్లాసు అయిపోయి వీధి ఆడవాళ్లు వెళ్లిపోయారు. మెట్లు దిగేటప్పుడు సుకన్య చివరి మెట్టు దగ్గర ఆగి నడుం పట్టుకుంది. లక్ష్మీనరసమ్మ మాటా పలుకూ లేకుండా ఆ నడుం మీద అరచెయ్యి ఆనించింది. సుకన్య అత్త భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. వెనకాల వస్తున్న నీలావతి చూసింది. కన్నది తను. ఆ తల వాల్చాల్సిన భుజం తనది, పట్టేసినా సరే.

రెండంగల్లో దగ్గరికి వెళ్లి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఏమే, నడుము నొప్పా? ఎప్పట్నించి? రాత్రి నిద్రపోయినావా? ఐరన్ మాత్ర వేసుకుంటాండావా, మానేసినావా?"

సుకన్య కళ్లు తెరిచింది. నిటారుగా నిలబడింది. "ఏం లేదమ్మా. బాగుండా," అని చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లిపోయింది.

సాయినాథ్‌కు ఆదివారం కూడా కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉంది. ఇంట్లో ముగ్గురే మిగిలారు. నీలావతి వంటింట్లో చేరి సంగటికి ఎసరు పెట్టింది. లక్ష్మీనరసమ్మ గడప దగ్గర కూర్చుని ఊరుబిండి పచ్చడికి చెనక్కాయలు వేయించి పొట్టు తీస్తోంది. సుకన్య పీట మీద కూర్చుంది. ఉడుకుతున్న బియ్యంలో రాగిపిండి పోసి మూత పెట్టి, నీలావతి తను వారం నుంచీ తయారుచేసుకున్న మాట ఎత్తింది.

"శ్రీమంతం అయిన మర్సటి దినమే మంచిదంట. ఆ పొద్దే కారు మాట్లాడుకుని హిందూపురం పోదాం. మీ నాయన నీ గదికి సున్నం కూడా వేయించినాడు."

సుకన్య పీట మీద సర్దుకుంది. అత్త మొహం చూసింది. ఆ చూపు నీలావతికి నచ్చలేదు.

"అమ్మా, కోప్పడొద్దు. పురుడు ధర్మవరంలో పోసుకుంటా."

నీలావతి పొయ్యి వదిలి కూతురి ఎదురుగా వచ్చింది.

"ఏమంటాండావే? మొదటి పురుడు పుట్టింట్లో కాకుండా అత్తింట్లోనా? నలుగురూ ఏమంటారు? అమ్మ బతికే ఉండాదా అని అడుగుతారు!"

"నలుగురికీ నేను చెప్తాలే."

"నువ్వు చెప్పేది కాదు ఇది. చెప్పించినోళ్లు చెప్పించినారు." నీలావతి గడప వైపు తిరిగింది. చాలా వారాలుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది. "ఏం వదినా, నా బిడ్డకు ఏం మందు పెట్టినావు? నీకు కొడుకును ఇచ్చినాడు కదా దేవుడు. అది చాల్లేదా? నా కూతురు కూడా కావల్సొచ్చిందా?"

లక్ష్మీనరసమ్మ చేతిలోని చెనక్కాయలు చేటలో పడిపోయాయి. "దేవుని మీద ఒట్టు వదినా. ఈ మాట నాకు రాత్రి ఫోన్లో చెప్తే, వద్దు పాపా, అమ్మ బాధపడుతుంది అని నేనే చెప్పినా."

"అత్తను అనొద్దు!" సుకన్య లేచింది. "అత్తకేం సంబంధం లేదు. నాకే నీ దగ్గర భయం."

"నా దగ్గర భయమా? నేనేమైనా కొట్టినానా, తిట్టినానా?"

"లేదమ్మా. నీ చెయ్యి నా మీద పడిందంటే ఎనకాలే ఒక ప్రశ్న వస్తాది. చిన్నప్పుడు జ్వరమొస్తే నొసల మీద చెయ్యి పెట్టినావు, ఆ చెయ్యి తీయకుండానే పరీక్షకు ఎంతవరకు చదివినావు అని అడిగినావు. మూడో నెలలో రక్తం కనపడినప్పుడు పరిగెత్తుకుంటా వచ్చినావు. మంచం మీద కూర్చొని ఎప్పుడు, ఎంత, స్కూటీ ఎందుకెక్కినావు అని అడుగుతానే ఉన్నావు. నేను తప్పు చేసినానేమో, బిడ్డను నేనే పోగొట్టుకుంటాండానేమో అని నాకు అప్పటికే ప్రాణం పోతాండె. ఆ రాత్రి అత్త వచ్చి ఏమీ అడగకుండా నా పక్కన పడుకునింది. వీపు మీద చెయ్యి ఏసుకొని. అప్పుడు ఏడ్చినానమ్మా నేను. నీ ముందర ఏడవలేకపోయినా."

"నేను భయపడినానే!" నీలావతి అరిచింది. "బిడ్డకేమైతుందో, నీకేమైతుందో అని కాళ్లు చేతులు ఆడలేదు. ఏదో ఒకటి అడగకుంటే నేను ఆడనే పడిపోతాంటి!"

"ఆ మాటే చెప్పుంటే చాలు కదమ్మా," అంది సుకన్య మెల్లగా. ఏడుస్తూ ముందు గదిలోకి వెళ్లిపోయింది.

పొయ్యి మీద సంగటి అడుగంటుతున్న వాసన వచ్చింది. నీలావతి మూత తీసి తెడ్డు అందుకుంది. ఏడుపు, కోపం, సిగ్గు, అన్నీ కలిపి తెడ్డు మీద చూపించింది. భుజం నొప్పి కూడా గుర్తు రాలేదు. ఉండలు లేకుండా కలిసిపోయాక చేతులు నీళ్లలో ముంచి, పొగలు కక్కే సంగటి ఎత్తుకుని ముద్ద తిప్పసాగింది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మూడో నెలలోని ఆ రోజు కళ్ల ముందుంది. గోడ వైపు తిరిగి పడుకున్న కూతురు, ప్రశ్నలు వేస్తున్న తను. ఆ వీపు అప్పుడు వణికింది. చూసింది కానీ చలేస్తోందేమో అనుకుని ఫ్యాను ఆపింది. దేవుడా, ఫ్యాను ఆపింది!

ముద్ద పళ్లెంలో పెట్టింది. చేతులు మాత్రం అలాగే గాలిలో, ఎదురెదురుగా ఉండిపోయాయి. అరచేతుల మధ్య ఇంకా వేడి ఉంది, బరువు కూడా ఉన్నట్టే ఉంది. నొక్కకుండా, జారనీయకుండా. నీలావతి తన చేతుల్నే చూసింది. ఇన్ని వారాలు మిద్దె మీద వెతికింది ఇదేనా? పెళ్లైన నాటి నుంచీ ముద్ద తిప్పుతోంది. ఎంత లావుండాలి, మోచెయ్యి ఎక్కడుండాలి అని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

"వదినా." లక్ష్మీనరసమ్మ లోపలికొచ్చి వెనకాల నిలబడింది. "ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. నాకు కూతురు లేదు. నిన్ను చూస్తే నాకు కూడా కడుపుమంటే."

"నన్ను చూస్తేనా?"

"ఊఁ. ఆ పాప మిద్దె మీద ఏం చెప్పినా నీ మొకమే చూస్తాది, అమ్మకు నచ్చిందా లేదా అని. నాతో నవ్వుతాది, నా భుజాన పండుకుంటాది. నా మొకం మాత్రం ఒక్కసారి కూడా అట్ల చూడలే."

"మందు మాట అనకుండా ఉండాల్సింది," అంది నీలావతి. "నోరు జారినా."

"అది సరేలే. నేను పెట్టేదుంటే మా ఇంటాయనకు పెడ్తాంటి. బిడ్డ దగ్గరికి పో ముందు."

సుకన్య మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. మొహం గోడ వైపే. నీలావతి పక్కన కూర్చుంది. తిన్నావా, నొప్పిగా ఉందా, నీళ్లు తాగావా, ఎడమ పక్కకేనా తిరిగావు, ప్రశ్నలన్నీ నోటిదాకా వచ్చి వరసగా నిలబడ్డాయి. ఆమె నోరు మూసుకుంది. సంగటి వేడి ఇంకా ఆరని చెయ్యి కూతురి వీపు మీద ఆనించింది.

వీపు మొదట బిగుసుకుంది. ప్రశ్న కోసం ఎదురుచూస్తోందని ఆ చేతికి తెలిసింది. నీలావతి అడగలేదు. కాసేపటికి వీపు వదులైంది. ఊపిరి తీస్తే లేస్తోంది, వదిలితే దిగుతోంది. లోపల ఏడుపు ఇంకా మిగిలి ఉందని, చలి కాదని కూడా తెలిసింది. ఈ చెయ్యి ఇన్నేళ్లూ ఎక్కడికి పోయింది?

సుకన్య ఇటు తిరిగి తల్లి చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది. మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి.

"నాకు భయంగా ఉండాది సుకన్యా," అంది నీలావతి, కన్నీళ్లు కారుతుంటే. "నీకు యాడ మనసైతే ఆడనే పోసుకో. నేను ధర్మవరానికి వస్తా. గడప దగ్గర కూర్చోమన్నా కూర్చుంటా."

తలుపు దగ్గర లక్ష్మీనరసమ్మ ముక్కు చీదింది. "యాడనో బిరీన తేల్చండమ్మా. నేను కూడా మూట సర్దుకోవల్ల కదా."

సుకన్య ఏడుస్తూనే నవ్వింది. "హిందూపురమే అత్తా. నాయన సున్నం వేయించినాడంట. నువ్వు కూడా వచ్చి నా దగ్గరే ఉండల్ల."

నా ఇంట్లో ఆవిడా అని నీలావతి లోపల పాత మంట ఒక్కసారి తల ఎత్తింది. అది ఎక్కడ పుట్టిందో, ఎలా కదిలిందో ఈసారి ఆమెకు స్పష్టంగా తెలిసింది. తెలిసి ఊరుకుంది. "వదినకు కిటికీ పక్క మంచం వేస్తాలే," అంది.

బిడ్డ మళ్లీ కదిలింది. పొద్దుట్నించి ఎన్నిసార్లు కదిలిందో అడుగుదామని నీలావతి పెదవి విప్పబోయి ఆగింది.

సుకన్య అది చూసింది. తల్లి చెయ్యి మీద తన రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకుంది. "ఇంగ కాసేపు తీయొద్దమ్మా," అంది.

వంటింట్లో సంగటి చల్లారిపోతోంది. నీలావతి చెయ్యి తీయలేదు.