పదిహేడో బోను కోతి

కోతుల కాపరి దానయ్య గొంతు పొద్దున పదకొండింటికి తెగింది. తార్నాకలో ఒక ప్రైవేటు లాబ్. కోతుల బోన్ల మధ్య నెత్తురు మడుగు. కోతులు ఊచలు పట్టుకుని ఒకటే అరుపు.

ముందుగా వచ్చినవాడు ఇన్నయ్య. పైకి కోతులకు మేత వేసే మనిషి. అసలుకు నిఘా శాఖ ఏజెంట్. నెల నుంచి దానయ్య చేతికింద పని నేర్చుకుంటున్నాడు. చీఫ్ భానుప్రకాశ్‌కు ఫోన్ కొట్టాడు.

"సార్, దానయ్యను కోసిన్రు."

"పదిహేడో బోను కోతి?"

"ఉన్నది."

"విను. ఆ కోతి ఒంట్ల ప్రాణం తీసే వైరస్ ఉన్నది. అది ఎలుకకు అంటదు. మనిషికి ఎక్కించి చూడలేం. అందుకే కోతికి ఎక్కించి, మందు పనిచేస్తదా అని చూస్తున్నరు. ఆ కోతిని విదేశీ ముఠా యూనివర్సిటీ క్యాంపస్‌ల వదలాలని చూస్తున్నది. పన్నెండింటికి ఆర్ట్స్ కాలేజీ ముందట తెలంగాణ సభ. వేలమంది పిల్లలు."

ఇన్నయ్య గడియారం చూశాడు. ఆ పిల్లల్లో అతని బిడ్డ నవత ఉంది.

"మన మనిషి ఒకామె వస్తది. కోడ్ అడుగు."

వచ్చింది. తెల్ల కోటు, ఎర్ర లిప్‌స్టిక్, సెంటు వాసన.

"మెట్టుగూడల వాన పడ్డదా?"

"లాలాపేట్‌లో ఎండండీ. నా పేరు వైదేహి. పదేళ్లుగా కోతుల డాక్టర్ని. మీరు గేటు దగ్గరుండండి, లోపల నేను చూసుకుంటాను."

కోడ్ సరిపోయింది. ఆమె గ్లౌజులు తొడుక్కుని రోగం కోతుల గదిలోకి పోయింది. పదిహేడో బోను తాళం లాగి చూసింది. బయటికొచ్చి, అవే గ్లౌజులతో మంచి కోతుల గది తలుపు మీద చెయ్యి వేసింది.

ఇన్నయ్య ఆగిపోయాడు. లాబ్ నియమం: ముందు మంచి కోతులు, ఆఖరున రోగం కోతులు. వెనక్కి పోయేది లేదు. మొదటి రోజే ఇది తప్పినందుకు దానయ్య అతని చెంప పగలగొట్టాడు. పదేళ్ల డాక్టర్ ఈ తప్పు చెయ్యదు. ఈమె కోడ్ కాజేసి వచ్చిన మనిషి.

"ఏ లాబ్‌ల నేర్చినవమ్మా ఈ పని?"

ఆమె నవ్వి తలుపు తీసింది. లోపల దాక్కున్న ఆరడుగుల విదేశీయుడు కత్తితో దూకాడు. ఇన్నయ్య కోతుల్ని పట్టే ఉచ్చుకర్ర వాడి మెడకు వేసి తిప్పాడు. ఎముక విరిగింది. అప్పుడే వైదేహి పిస్టల్ పేలింది. ఇన్నయ్య భుజం చీలింది. అతను లేచేసరికి వైదేహి పదిహేడో బోనును బయటి వ్యాన్‌లోకి తోసేసింది. వ్యాన్ కదిలింది. ఇన్నయ్య వెనక తలుపుకు వేలాడాడు.

క్యాంపస్ రోడ్డు మీద రాళ్లు, లాఠీలు, టియర్ గ్యాస్. పన్నెండుకు రెండు నిమిషాలు. ఆర్ట్స్ కాలేజీ ముందు వ్యాన్ ఆగింది. ఇన్నయ్య లోపలికి పాకాడు. వైదేహి వెనక్కి వచ్చి బోను గడియ లాగింది.

"మీ అమ్మాయి ముందు వరసలోనే ఉందండీ. పిలవనా?"

బోను తలుపు లేచింది. ఇన్నయ్య తన చెయ్యి సందులో దూర్చాడు. కోతి ఎముక దాకా కొరికింది. చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో జేబులోని కోతుల మత్తు సూది తీసి వైదేహి మెడలో దించాడు. పిస్టల్ గాల్లోకి పేలింది. ఆమె కూలింది. ఇన్నయ్య మోకాలితో బోను తలుపు నొక్కి మూశాడు.

బయట జై తెలంగాణ అని నినాదం. లోపలికి ఎవరూ చూడలేదు.

వారం రోజుల తర్వాత, ఆస్పత్రిలో అద్దం గది. ఇన్నయ్యకు నూట మూడు జ్వరం. అవతల చీఫ్.

"భయం లేదు. అదే మందు నీకూ ఇస్తున్నరు. కోతి లేచి కూసున్నది."

"నెల రోజులు సెలవు కావాలె సార్."

భానుప్రకాశ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"కోతి సెలవు అడగలేదు, ఇన్నయ్యా."