క్యాసెట్ల వెనక గొంతు

ఆరు నెలల తర్వాత మా ఇంటి తాళం తీశాం. అమ్మ పోయిన నక్షత్రం మంచిది కాదు, ఇల్లు పాడుపెట్టాలని పంతులు చెప్పడంతో ఇన్నాళ్ళూ మార్కాపురంలోనే ఇంకో వీధిలో అద్దెకున్నాం. మంచాలు, బీరువా, నా కంప్యూటర్ లోపలే ఉండిపోయాయి. ఆ రోజు పొద్దున శాంతి చేయించి, గడపకు పసుపు రాసి, పాలు పొంగించి లోపలికి అడుగుపెట్టాం. మధ్యాహ్నానికి చుట్టాలంతా వీధిలో షామియానా కింద భోజనాలకు కూర్చున్నారు.

విస్తరి ముందు కూర్చున్న ప్రతివాళ్ళూ నన్నే పొగుడుతున్నారు.

"కొడుకంటే మా వీరాంజనేయులే," అన్నాడు కాటమరాజు మామ, పప్పులో నెయ్యి వేయించుకుంటూ. "పలకల కంపెనీలో పని మానుకోని తల్లి మంచం కాడ కూర్చున్నాడు. ఈ కాలంలో ఎవురు చేస్తారు?"

నేను సాంబారు బకెట్టు పట్టుకుని తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు వాళ్ళు.

సెలవు పెట్టిన మాట నిజమే. నా భార్య వాణి బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది కాబట్టి పగలంతా అమ్మ దగ్గర ఉండాల్సింది నేనే. కానీ నేను కూర్చున్నది మంచం దగ్గర కాదు. పక్క గదిలో, కంప్యూటర్ ముందు, తలుపు దగ్గరికి వేసుకుని.

నాది పాటల పిచ్చి అంటారు గానీ, నిజానికి నాది సర్దే పిచ్చి. నాయన దాచిన క్యాసెట్లు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. హరికథలు, పద్యనాటకాలు, భజనలు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. సరైన వైరు కొనే ఓపిక లేక, టేప్‌రికార్డర్‌ను మైకు ముందు పెట్టి మోగించేవాణ్ణి. అది ఎక్కుతున్నంతసేపూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వేరే వీడియోలు చూసేవాణ్ణి. ఎక్కినదానికి పేరు పెట్టి, ఫోల్డర్లో వేసి, పైన ఒక బొమ్మ తగిలించి, లైబ్రరీలో అన్నీ వరసగా కనిపిస్తే చాలు, నాకు కడుపు నిండిపోయేది. వాటిలో ఒక్కటి కూడా విన్న పాపాన పోలేదు.

సాంబారు రెండో వరస వడ్డిస్తుంటే మా అక్క నాగమల్లేశ్వరి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. ఆమెను హనుమంతునిపాడు ఇచ్చాం. ఆఖరి చూపుకు అందింది గానీ ఆఖరి మాటకు అందలేదు.

"వీరా, ఫోటోలు నా కాడ ఉండాయిలే. అమ్మ గొంతు కావాల రా నాకు. ఒక్క మాట చాలు. నీ కంప్యూటర్లో లేంది ఏముంటాది?"

"ఉంటాదిలే అక్కా. చూస్తా," అన్నాను. ఇంకేమనగలను?

లోపల ఇల్లు ఇంకా మూసిన వాసనే వేస్తోంది. దుమ్ము, చల్లారిన హోమం పొగ, వాటి కింద ఎక్కడో అమ్మ కాళ్ళకు రాసే తైలం. అమ్మ గదిలో ఆమె నులకమంచం గోడకు నిలబెట్టి ఉంది. నేను పక్కనున్న నా గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేసి, అలవాటుగా హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

అమ్మ పేరుతో వెతికాను. ఏమీ రాలేదు. వీడియోలన్నీ తిరగేశాను. కొత్త బండికి పూజ చేయించిన వీడియో ఉంది. కంభం చెరువు అలుగు పారినప్పటిది ఉంది. పక్కింటి వాళ్ళ కుక్కపిల్లది కూడా ఉంది. కన్నతల్లిది ఒక్కటీ లేదు. ఎంత చక్కగా సర్దుకున్నానో నా లైబ్రరీని! నా మీద నాకే అసహ్యం వేసింది.

బయటికెళ్ళి అక్కకు ఆ మాట చెప్పే ధైర్యం లేక, ఊరికే కూర్చుని ఒక హరికథ మీద నొక్కాను. చిడతలు మోగాయి. హరిదాసు గొంతు ఎత్తాడు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వెనకనుంచి సన్నగా వినిపించింది.

"వీరా... నాయనా... గొంతు ఎండుతాంది రా..."

అమ్మ గొంతు.

టేప్‌రికార్డర్ ముందున్న మైకు గదిని కూడా విన్నది. తలుపు అవతల పిలుపును విన్నది. నేనొక్కణ్ణే వినలేదు. హరికథ అయ్యేదాకా పిలుస్తూనే ఉంది. నీళ్ళంది. వీపు నొప్పంది. చివరికి పేరు మాత్రమే మిగిలింది. నా ముఖం కాలిపోయింది. అక్కకు ఇది ఎట్లా వినిపించను? విన్నాక ఆమె నా ముఖం చూస్తుందా?

పిలుపు లేని ముక్క ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఇంకోటి పెట్టాను. పద్యనాటకం. హార్మోనియం వెనక మళ్ళీ అదే పిలుపు.

"వీరా... నీళ్ళు..."

"వస్తన్నా మా."

చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఆ బదులు పలికింది నా గొంతు.

నేను ఏ రోజూ బదులు పలకలేదు. ఆ సంగతి నాకు తెలుసు... నాకొక్కడికే తెలుసు. కానీ అడుగుల చప్పుడు వినిపించింది. బిందె మూత తీసిన చప్పుడు. గ్లాసు మునిగిన చప్పుడు. అమ్మ గుటకలు వేసింది... నిదానంగా.

మూడోది పెట్టాను. భజన.

"మెల్లగా తాగు మా."

"నువ్వు... మా వీరవు కాదు." అమ్మ గుసగుసగా అంది. "వాని గొంతు పెట్టుకోని వచ్చినావు. ఎవురు నాయనా నువ్వు?"

చాలాసేపు భజన చప్పట్లే వినిపించాయి. తర్వాత నా గొంతు, ఎంతో ప్రేమగా...

"వాడు రాడులే మా. నేనుంటా."

"సరే... ఎవురైతే ఏంది. ఉండు నాయనా."

అప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఇదే కుర్చీలో. తలుపుకు ఇవతల. అవతల అది అమ్మకు నీళ్ళు పోస్తోంది...

భుజం మీద చెయ్యి పడింది. కెవ్వుమన్నాను.

"ఏంది రా, నేనే," అంది అక్క. "దొరికిందా?"

కాదనేలోపు హెడ్‌ఫోన్ల వైరు పీకేసింది. నేను గబుక్కున ఆ భజన ఆపి, కంగారులో అంతకుముందు విన్నదాన్నే నొక్కాను. స్పీకర్లో నాటకం మోగింది. "వీరా... నీళ్ళు..." "వస్తన్నా మా." అక్క నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు ఎంగిలి చేతులతోనే చుట్టాలంతా లోపలికి వచ్చారు. మళ్ళీ పెట్టించారు. గ్లాసు మునిగిన చప్పుడుకు వాణి కూడా కళ్ళు తుడుచుకుంది.

"పిలిచిన పిలుపుకు పలికినాడు చూడు," అన్నాడు కాటమరాజు మామ. "ఆ తల్లి ఏ లోకంలో ఉన్నా చల్లగా ఉంటాది."

అక్క నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నేను చేయాల్సింది గూడా నువ్వే చేసినావు రా వీరా."

'అది నేను కాదక్కా' అనాలి. మాట గొంతుదాకా వచ్చింది. చుట్టూ అందరి ముఖాలూ చూశాను. మింగేశాను. అమ్మకు నీళ్ళివ్వనివాణ్ణి, ఇచ్చినవాడి పేరు మాత్రం సిగ్గులేకుండా తీసుకున్నాను. అంతకన్నా నీచం ఇంకేముంటుంది?

సాయంత్రానికి చుట్టాలు బస్సులకు వెళ్ళిపోయారు. అక్క నా చేత ఆ నాటకాన్ని తన ఫోన్లోకి ఎక్కించుకుని, దారిపొడవునా వింటానంటూ కదిలింది. షామియానా వాళ్ళు గుంజలు పీక్కుని పోయారు. ఇంట్లో నేనూ వాణీ మిగిలాం. ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. నేను మళ్ళీ తలుపు దగ్గరికి వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అన్నీ చెరిపేద్దామా, లేక అక్కకు ఫోన్ చేసి నిజం చెప్పేద్దామా అని ఆలోచిస్తున్నాను. రెండూ చేయలేకపోతున్నాను.

"ఏమయ్యా," వాణి పిలిచింది. "ఇట్ల రా ఒకసారి. ఈ గుండిగ ఎత్తు."

ఈసారైనా పిలవగానే వెళ్ళాలనుకున్నాను. లేచాను. బదులివ్వడానికి నోరు తెరిచాను.

"వస్తన్నా."

నా నోట్లోంచి కాదు. అమ్మ గదిలోంచి.

అడుగులు... నిదానంగా... వంటింటి వైపు నడిచాయి. గుండిగ లేచిన చప్పుడైంది.

"అబ్బో, ఈ పొద్దు పిలవంగానే వచ్చినావే," అని వాణి నవ్వింది.

తలుపు లాగాను. రాలేదు. బలమంతా పెట్టి లాగాను. రాలేదు. "వాణీ!" అని అరిచాను. రెండు చేతులతో తలుపు బాదాను. "వాణీ! నేను ఇక్కడున్నా!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవురో పిలుస్తాండారు చూడయ్యా," అంది వాణి.

"ఎవురూ లేరులే," అంది నా గొంతు.