పని లేని నాలుగు తీగలు

తిరువూరు బస్టాండు ఎదురుగా మామిడిపళ్ళ బండి దగ్గర నిలబడ్డ మాధవ్‌కి ఎవరిని చూసినా అనుమానమే. గంపలగూడెం షేర్ ఆటోలో కూర్చున్న ఆ పెద్దమనిషి, బండి నిండినా దిగి మళ్ళీ ఎందుకు ఎక్కాడు? సోడా తాగేవాడు అయిపోయిన సీసాని ఇంకా ఎందుకు పట్టుకుని నిలబడ్డాడు? పదకొండేళ్ళ గూఢచారి ఉద్యోగం మాధవ్‌కి ఇచ్చిన జబ్బు అది. మందు లేదు. ఉన్నా ఆ మందు మీద కూడా అనుమానపడేవాడు.

"రసాలు పెనుగొలనువా, వినగడపవా?" అని అడిగాడు.

బండి వెనక హన్నమ్మ తల కూడా ఎత్తలేదు. "రెండూ కావయ్యా. అయినా తియ్యగానే ఉంటాయి, తీసుకో."

కోడ్ సరిపోయింది. ఆమె ఇచ్చిన సంచిలో నాలుగు పళ్ళ కింద ఒక ఇయర్‌ఫోను, కేబుల్ టెస్టరు, 'అఖిల్, నెట్‌వర్క్ టెక్నీషియన్' అని రాసున్న ఐడీ కార్డు ఉన్నాయి. ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకోగానే ఢిల్లీ నుంచి చీఫ్ గొంతు పలికింది.

"టైమెంత?"

"ఒకటీ పది సార్."

"సరిగ్గా మూడింటికి రామమూర్తి గారింట్లో ఒక కనెక్షన్ ఉంది. అవతల మనిషి వంశీకృష్ణ."

వంశీకృష్ణ! గంపలగూడెం కుర్రాడు. వాణ్ణి ఈ పనిలోకి తెచ్చింది మాధవే. 'మీ అమ్మకి నేను మాటిచ్చాను, నిన్ను క్షేమంగా వెనక్కి తెస్తాను' అని విమానాశ్రయంలో చెప్పింది కూడా తనే. ఎనిమిది నెలలుగా వాడు పరాయి దేశపు రేవు పట్టణంలో మారుపేరుతో ఉన్నాడు.

"శత్రువులకి వాడు ఏ ఊళ్ళో ఉన్నాడో తెలుసు. ఏ ఇంట్లో ఉన్నాడో తెలీదు" అన్నాడు చీఫ్. "వాడు తనకి దొరికిన సమాచారం కోడ్‌లో పంపేసి, వెంటనే రేవులో ఓడెక్కి వచ్చేస్తాడు. ఆ కోడ్ చదవగలిగింది దాన్ని తయారుచేసిన రామమూర్తి గారొక్కరే. అందుకే వైఫై లేకుండా, గోడలో కేబుల్ మీదే మాట్లాడుకునే ఏర్పాటు చేశాం. ఇప్పుడు ఆ కేబుల్‌లోనే ఎవరో వేలు పెట్టారని కబురొచ్చింది. సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తోందో పసిగట్టారంటే పది నిమిషాల్లో వాడింటి తలుపు పగలగొడతారు."

"కాల్ ఆపేయండి సార్."

"ఎలా? వాడికి కబురు పంపే దారి ఆ కేబుల్ ఒక్కటే. ఇంకో మాట. ఆ ఇంట్లో హాసిని అనే ఇంటీరియర్ డిజైనర్ పనిచేస్తోంది. అటువైపు మనిషి. మనవైపు వచ్చేశానంటోంది."

"నమ్మొచ్చా?"

"నువ్వే చెప్పాలి" అని చీఫ్ లైను పెట్టేశాడు. ఢిల్లీలో కూర్చుని అలాగే అంటారు మరి!

రామమూర్తి గారి డాబా మెయిన్ రోడ్డుకి రెండు వీధుల అవతల ఉంది. రక్షణ శాఖలో గణిత శాస్త్రవేత్తగా చేసి రిటైరై, ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు. ఇంటిపేరు చెబితే ఇప్పటికీ గుడి అర్చకుల కుటుంబమనే గుర్తుపడతారు. గుమ్మంలో ఆయన భార్య శ్యామలాంబ మాధవ్‌ని పై నుంచి కింది దాకా చూసింది.

"నెట్టు అబ్బాయివా? మొన్నే కదా ఒకడొచ్చి బానే ఉందని చెప్పిపోయాడు?"

మొన్న వచ్చినవాణ్ణి ఎవరు పంపారు? తమ ఆఫీసు మాత్రం పంపలేదు. ఆ మాట మాధవ్ మనసులో ముల్లులా గుచ్చుకుంది. "చెక్ చేయమన్నారమ్మా, హాల్లో నెట్టు సరిగా రావట్లేదని" అంటూ చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

హాల్లో ఫాల్స్ సీలింగ్ పని జరుగుతోంది. నిచ్చెన మీద ఎలక్ట్రీషియన్ ఏడుకొండలు. కింద నిలబడి లైట్లు ఎక్కడ రావాలో చేత్తో చూపిస్తోంది హాసిని. ఆకుపచ్చ సిల్కు చీర, నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. సిమెంటు దుమ్ములో కూడా ఆ చీర మీద మరక లేదు. ఆమె వచ్చిన గంటలోపే వీధిలో ముగ్గురు కుర్రాళ్ళకి ఈ గుమ్మం ముందే బండి ఆగిపోయిందంటే అందులో బండ్ల తప్పేం లేదు.

"హలో" అంది నవ్వుతూ. "ఎండలో వచ్చారు. మజ్జిగ తాగుతారా?"

మాధవ్ వద్దన్నాడు. అందమైన మనిషి ఇచ్చే మజ్జిగ తాగి ఒకసారి పద్దెనిమిది గంటలు నిద్రపోయాడు. ఆ సంగతి ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మేడ మీద అద్దెకుండే విశ్వతేజ మెట్ల మీద ఎదురయ్యాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. చాలా మర్యాదగా పక్కకి తప్పుకుని దారిచ్చాడు. అంత మర్యాద కూడా మాధవ్‌కి నచ్చలేదు.

పని మొదలుపెట్టాడు. ఇంట్లో నెట్ కేబుల్ గుచ్చే జాకులు మొత్తం నాలుగు. కేబుళ్ళన్నీ గోడలోని పైపుల్లోంచి మెట్ల కింద బీరువాలో, నెట్‌ని గదులకి పంచే స్విచ్ పెట్టెకి చేరతాయి. హాల్లో జాక్ మూత విప్పాడు. కేబుల్‌లో సన్నని తీగలు ఎనిమిది ఉంటాయి. ఇక్కడ బిగించినవి నాలుగే. మిగతా నాలుగూ చక్కగా మెలిపెట్టి వెనక్కి మడిచి ఉన్నాయి.

"ఇదేంటి, నాలుగే కట్టావు?" అని అడిగాడు నిచ్చెన వైపు చూసి.

ఏడుకొండలుకి రోషం వచ్చింది. "నాలుగుతో నెట్టు నడుస్తుంది కదండీ? మిగతావి దాచి ఉంచుతాం. రేపు ఎలుక కొరికి ఒకటి పోయిందనుకోండి, గోడ పగలగొట్టకుండా ఇది తీసి అది కడతాం. ఈ ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా ఇదే పద్ధతి. నా వైరింగులో వంక పెట్టే మొనగాడు ఇంతవరకూ రాలేదు."

"వంక పెట్టడం లేదయ్యా బాబూ!" అని సర్దిచెప్పి మాధవ్ పడగ్గది జాక్ విప్పాడు. అక్కడా నాలుగే. ఏజెన్సీ వాళ్ళు మూడు రోజులు నేర్పించిన విద్య ప్రకారం, వదులైన తీగని గాడిలో పెట్టి పనిముట్టుతో టక్కుమని నొక్కాడు. రెండూ పదీ దాటింది.

రామమూర్తి గారి ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి ఆయన కాగితం మీద ఏవో అంకెలు వేసుకుంటున్నారు. మాధవ్ ఎవరో ఆయనకి తెలుసు. తెలిసినట్టు కనిపించకూడదని ఇద్దరికీ తెలుసు. "కానివ్వు బాబూ" అన్నారు తలెత్తకుండా.

జాక్ మూత ఊడింది. మాధవ్ చెయ్యి ఆగిపోయింది.

ఎనిమిది తీగలు. ఎనిమిదీ బిగించి ఉన్నాయి.

మెట్ల కిందికి పరిగెత్తి అవతలి చివరకి టెస్టరు పెట్టి చూశాడు. నాలుగు లైట్లే వెలిగాయి. మరి ఇక్కడ బిగించిన మిగతా నాలుగు తీగలూ ఎక్కడికి పోయినట్టు? బీరువా వెనక చెక్క పలక ఎత్తి చూశాడు. ఆ నాలుగు తీగలకీ కొత్త కేబుల్ ఒకటి అతికించి ఉంది. అది గోడ వెంట పైకి, మేడ మీదికి పాకింది.

ఏడుకొండల్ని చాటుగా పిలిచి ఆఫీసు జాక్ చూపించాడు. "ఇది నీ పనేనా?"

"నా పనా?" ఏడుకొండలు నిజంగానే నొచ్చుకున్నాడు. "ఎనిమిదీ కట్టేవాడు ఈ చుట్టుపక్కలోడు కాదండి. పైగా చూడండి, వెనకాల గోరంత బిళ్ళ ఒకటి అతికించారు. ఏంటండీ ఇది?"

ఏంటో మాధవ్‌కి తెలుసు. నాలుగు తీగల మీద వెళ్ళే మాటని పక్క నాలుగు తీగల్లోకి మళ్ళించే చిప్ అది. 'విశ్వతేజా, నీ మర్యాద మండా!' అనుకుని కట్టరు తీశాడు. ఏడుకొండల్ని బయటికి పంపి కట్టరు నోరు తెరిచాడు.

"ఆగండి."

గుమ్మంలో హాసిని. నవ్వు లేదు. తలుపు మెల్లగా చేరవేసింది. టైమ్ రెండూ నలభై ఒకటి. రామమూర్తి గారు మందులేసుకోవడానికి లోపలికెళ్ళారు.

"అది కట్ చేస్తే పైనున్నవాడి లాప్‌టాప్‌లో తెలిసిపోతుంది. వాడు ఐదు నిమిషాలకోసారి అంతా బాగుందని అవతలికి మెసేజ్ పెట్టాలి. పెట్టకపోయినా, తేడా ఉందని పెట్టినా, వాళ్ళు ఆ ఊరి దారులన్నీ మూసేస్తారు. మీవాడు బయటపడలేడు."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"మొన్న నెట్టు మనిషిలా వచ్చి ఈ చిప్ పెట్టినవాణ్ణి, గోడకి చెక్క పలకలు వేయించే వంకతో ఈ గదిలోకి తెచ్చింది నేనే కాబట్టి" అంది కళ్ళు దించకుండా. "చిప్ ఇప్పుడు నిద్రలో ఉంది. మూడింటికి లేస్తుంది. మీ సెక్యూరిటీ తనిఖీకి దొరక్కూడదని అలా పెట్టారు."

"అంటే మూడయ్యేదాకా నన్ను చేతులు కట్టుకుని కూర్చోమంటారు. మీవాళ్ళకి కావలసిందీ అదేగా?"

"నమ్మకపోతే కట్ చెయ్యండి. ప్రాణం మీది కాదు, వంశీకృష్ణది."

మాధవ్ కట్టరుని తీగల మీదే ఆపి ఉంచాడు. ఆమె చెప్పేది నిజమైతే కట్ చేస్తే వంశీ చస్తాడు. అబద్ధమైతే కట్ చేయకపోతే చస్తాడు. పదకొండేళ్ళ అనుమానం మొత్తం కలిపినా ఆమె ముఖంలో జవాబు దొరకలేదు. భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సినంత భయం వేసింది. ఒక్కటే దారి. కాల్ మూడింటికి కాకుండా ముందే జరిగి ముగిసిపోవాలి. కానీ ఆ సంగతి సముద్రం అవతలున్న వంశీకి చెప్పేదెవరు?

"రామమూర్తి మాస్టార్ని కలవాలి" అంటూ పెరటి వైపు పరిగెత్తాడు. శ్యామలాంబ అడ్డం వచ్చింది. "ఆ కాళ్ళేంటి నాయనా, సిమెంటు మొత్తం వంటింట్లోకి మోసుకొస్తున్నావ్! కడుక్కునిరా." కడుక్కోక తప్పలేదు. తిరిగి ఆఫీసు గదికి వచ్చేసరికి రెండూ యాభై.

రామమూర్తి గారు అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద అంకెల వరసలు దిగుతున్నాయి. ఆయన వేళ్ళు చకచకా జవాబు కొడుతున్నాయి. గోడ పక్కన హాసిని నోరు తెరిచి చూస్తోంది.

"మాస్టారూ!" అంటూ మాధవ్ తెర దగ్గరికి వచ్చాడు. "ఇదేంటి?"

"వంశీ" అన్నారాయన తాపీగా. "రెండూ నలభై మూడుకే వచ్చేశాడు."

"మూడింటికి కదా ఆర్డరు?"

రామమూర్తి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇవాళ మంగళవారం. మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఆ టైముకి ఇంత పెద్ద పని ఎవడైనా మొదలుపెడతాడా? ఢిల్లీ వాళ్ళకి తెలీదు, పాపం."

"మరి వంశీకి ఎలా చెప్పారు?"

"చెప్పడమెందుకు? నా దగ్గర నాలుగేళ్ళు లెక్కలు చదివాడు. మంగళవారం మూడింటికి నేను పెన్ను మూత కూడా తియ్యనని వాడికి తెలుసు."

మాధవ్ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి. తుడుచుకునే టైము లేదు.

రెండూ యాభై ఐదు. అంకెలు ఇంకా వస్తున్నాయి. రెండూ యాభై ఏడు.

"త్వరగా మాస్టారూ."

"తప్పు పోతే మళ్ళీ అడగాలి. నువ్వు మాట్లాడకు."

రెండూ యాభై ఎనిమిది. పైన మేడ మీద కుర్చీ జరిగిన చప్పుడు. విశ్వతేజ సర్దుకుని కూర్చుంటున్నాడు. హాసిని తన వాచీ మీద చూపు తిప్పలేదు. "నలభై సెకన్లు" అంది. "ముప్పై."

తెర మీద చివరి వరస దిగింది. రామమూర్తి గారు దాన్ని పెదవులతో చదువుకుని అప్పుడు చిరునవ్వు నవ్వారు. "సెలవు మాస్టారూ, ఓడ ఎక్కుతున్నా అంటున్నాడు."

"పది" అంది హాసిని.

మాధవ్ కంప్యూటర్ వెనక కేబుల్ ప్లగ్గు లాగేశాడు.

జాక్ లోపల గోరంత బిళ్ళ మీద ఎర్రటి చుక్క వెలిగింది. సరిగ్గా మూడు. ఆమె చెప్పింది నిజం. ఆ ఎర్ర చుక్క లేచి చెవులు రిక్కించి వింది. వినడానికి ఏముంది, ఖాళీ గోడ తప్ప!

మాధవ్ ఆమె వైపు తిరిగాడు. "క్షమించండి. మిమ్మల్ని నమ్మలేదు."

"నేనైనా నమ్మేదాన్ని కాదు" అంది హాసిని. "ఓడ కదలడానికి పావుగంట పడుతుంది. అందాకా పైవాణ్ణి కదిలించొద్దు. కాల్ ఆలస్యమైందనుకుని అంతా బాగుందనే మెసేజ్ పెడుతూ ఉంటాడు."

పావుగంట ఆగి మాధవ్ టెస్టరు పట్టుకుని మేడెక్కాడు. తలుపు కొట్టగానే విశ్వతేజ విసుగ్గా తీశాడు. మర్యాద ఆనవాలు కూడా లేదు.

"నెట్ వస్తోందాండీ?" అని అడిగాడు మాధవ్ వినయంగా.

"ఎక్కడొస్తోంది! పావుగంట నుంచి చూస్తున్నా, కింద నుంచి ఒక్క ముక్క కూడా రావట్లేదు" అన్నాడు విశ్వతేజ. అన్నాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. తెలిసి, బల్ల సొరుగు వైపు దూకాడు. సొరుగులో ఉండాల్సిన పిస్తోలు అప్పటికే వెనక మెట్ల నుంచి వచ్చిన హాసిని చేతిలో ఉంది. మాధవ్ కేబుళ్ళు కట్టే ప్లాస్టిక్ టై తీసి అతని చేతులు వెనక్కి బిగించాడు.

ఐదున్నరకి చీఫ్ లైన్లోకి వచ్చాడు. "ఓడ వాళ్ళ సరిహద్దు దాటింది. వంశీకృష్ణ క్షేమం. శభాష్! కానీ రిపోర్టులో ఒకటి అర్థం కావట్లేదు. మూడింటి ఆపరేషన్ పదిహేడు నిమిషాలు ముందుకి జరిపింది ఎవరు? ఎవరి ఆర్డరు? మంత్రిగారు అడుగుతున్నారు, ఏం రాయను?"

"ఖగోళ శాస్త్ర కారణాల వల్ల అని రాయండి సార్."