జెండా దగ్గర తగ్గే వేగం

గీతాంజలి పాతిన ఎర్రజెండాను హేమంత్‌కుమార్ మొదటిరోజే ట్రాక్టరు టైరు కింద తొక్కించాడు. ఆమె స్కూటీ హెల్మెట్ కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చి, అది కొలతకు పెట్టిన గుర్తని, కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుపుతున్నాడని కడిగేసింది. చందాపుర పక్కన తన సొంత క్యాబేజీ తోటలో ఒక అమ్మాయి చేత చీవాట్లు తినడం అతనికి కొత్త. ఆ రోజు నుంచే అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

అది రెండువేల నాలుగు, వానలు మొదలైన కాలం. తెనాలి నుంచి వచ్చిన గీతాంజలి ఎలక్ట్రానిక్ సిటీలో ఒక చిన్న కంపెనీ ఇంజనీరు. మందు కొట్టే ట్రాక్టరు ఎంత వేగంతో నడుస్తోందో చూపించే మీటరు తయారుచేసింది. బండి నెమ్మదిస్తే మందు ఎక్కువ పడి ఆకు మాడుతుంది. జోరందుకుంటే తక్కువ పడి పురుగు పండగ చేసుకుంటుంది. మీటరు నిజం చెబుతోందో లేదో తారురోడ్డు మీద తేల్చుకుంటే చెల్లదు, మెత్తటి నేలలో చక్రం జారుతుంది. అందుకే శని, ఆదివారాల్లో ఆమె స్కూటీ ఈ తోటకు వచ్చేది.

పద్ధతి తేలికే. ట్యాంకు సగానికి నీళ్లు నింపుకుని, రెండు జెండాల మధ్య హేమంత్ ఒకే గేరులో, ఒకే వేగంతో నడపాలి. సగం దూరంలో మీటరు మీద కనిపించిన అంకె గుర్తుపెట్టుకోవాలి. చివరి జెండా దగ్గర గీతాంజలి స్టాప్‌వాచ్‌తో నిలబడి, బండికి పట్టిన సమయాన్ని బట్టి వేగం లెక్కగడుతుంది. రెండు లెక్కలూ కలవాలి. ఒక్కసారి కూడా కలవలేదు. స్టాప్‌వాచ్ ఎప్పుడూ బండి నెమ్మదిగా వచ్చిందనే చెప్పేది.

ఆమె సెన్సర్ మార్చింది, వైర్లు మార్చింది. జల్లు పడుతుంటే దుపట్టా తల మీద కప్పుకుని చక్రం పక్కన చతికిలబడి, మీటరును ముద్దుగా తిట్టేది. హేమంత్ గొడుగు పట్టేవాడు. అది ఎప్పుడూ ఆమె వైపే వాలేది, అతని చొక్కా తడిసి ముద్దయ్యేది. నీళ్లు తన మెడ మీద పడుతున్నాయని ఆమె విసుక్కుంటే ఇంకాస్త వంచేవాడు.

ఒక శనివారం ఆమె అసలు సంగతి చెప్పింది. మర్నాటికి కుదరకపోతే ప్రాజెక్టు మూసేసి తనను పుణె ఆఫీసుకు పంపుతారు. హేమంత్‌కు నిద్ర పట్టలేదు. మీటరు కుదిరితే ఆమెకు ఈ తోటతో పనుండదు. కుదరకపోతే ఈ ఊరితోనే పనుండదు. ఎటు తిరిగినా ఆమె పోయేదే.

ఆదివారం నాలుగు రౌండ్లు తిరిగారు. మళ్లీ అదే తేడా. గీతాంజలి జెండా పీకి స్కూటీ వైపు వెళ్లింది. గట్టు మీద కూర్చుని అంతా చూస్తున్న తండ్రి చెన్నరాయప్ప కొడుకును పిలిచాడు.

"ఏమప్పా, ఆ పాప నిలబడిండే కాడికి వచ్చేకొద్దీ మన బండికి ఏమైతా ఉండాది? శబ్దం తగ్గిపోతాది. రోజూ వింటానే ఉండా."

హేమంత్ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. స్టీరింగు పక్కనున్న యాక్సిలేటరు పిడి మీద ఉండే చెయ్యి. దేవుడి మీద ఒట్టు, అతనికి తెలియదు. ఆమె కనబడగానే ఆ చెయ్యి దానంతట అదే వెనక్కి లాగుతోంది.

అవతల ఆమె మొబైల్‌లో మేనేజరుతో మాట్లాడుతోంది. సెన్సర్‌లోనే లోపముందని, తప్పు తనదేనని ఒప్పుకుంటోంది. హేమంత్ బురదలో జారుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"మేడం, పుణెకి ఒప్పుకోవద్దండి. మీటరు బాగానే ఉండాది. మీరు ఆ కొనలో నిలబడితే నేనే బండి నిదానం చేస్తా ఉండా. కావాలని కాదు. మీ దగ్గరకి వచ్చేసరికి బిరీన దాటిపోబుద్ధి కాదు."

గీతాంజలి ఫోన్ పెట్టేసింది. ఆమె ముఖం ఎర్రబడింది. అది సిగ్గేమోనని అతను ఆశపడ్డాడు కానీ కోపం.

"ఇన్నాళ్లూ నాకేమీ చేతకాదనుకుని ఏడ్చానండి. హాస్టల్లో అన్నం కూడా సయించలేదు. మీకిది ఆటగా ఉందా?"

కోపం వచ్చినా ఆమె ఇంజనీరు, మాటను మాటగా నమ్మే రకం కాదు. జెండా మళ్లీ పాతింది. స్టాప్‌వాచ్ చెన్నరాయప్పకిచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించి, తను పంపుసెట్టు గది వెనక్కి పోయింది. బండి వచ్చింది. రెండు లెక్కలూ కలిశాయి.

అయినా ఆమె ఊరుకోలేదు. ఈసారి తనే నిలబడతానని, బండి వేగం తగ్గిందో ఇంక ఈ తోట గడప తొక్కనని హెచ్చరించింది.

హేమంత్ పళ్లు బిగించాడు. సగం దూరంలో అంకె చూసుకున్నాడు. పసుపు దుపట్టా దగ్గరవుతోంది. జల్లు మొదలైంది. యాక్సిలేటరు కదలలేదు. ఎదురుగా ఉన్న టెంకాయ చెట్టు మీదే చూపు నిలిపి ఆమెను దాటిపోయాడు.

వాచీ, మీటరు ఒకే మాట చెప్పాయి. గెలిచిన మనిషి ఎగిరి గంతేయాలి. గీతాంజలి మాత్రం జెండా పక్కన అలాగే నిలబడిపోయింది. అతను బండి ఆపి దిగి వచ్చేసరికి ఆమె కళ్లలో ఏదో ఉక్రోషం.

"ఒక్కసారి కూడా ఇటు చూడలేదేం?"

"చూస్తే పుణె పోతారు కదా."

వాన గట్టిపడింది. ఇద్దరూ తడుస్తున్నారు, గొడుగు ట్రాక్టరు మీదే ఉండిపోయింది. ఇంక రేపటి నుంచి ఇక్కడ మీకు పని లేదు కదా అని అతను నేల చూస్తూ అడిగాడు.

"లేదు," అంది గీతాంజలి. "వచ్చే ఆదివారం పని లేకుండానే వస్తాను. మీ అమ్మగారికి చెప్పి ఉంచండి."