ముక్కెత్తిన పడవ

"ఇంకా స్పీడ్!"

టోపీ పెట్టుకున్నవాడి తుపాకీ గొట్టం ఆమె తమ్ముడి కణతకి ఆనింది.

ఆమె చేతిలో మోటార్ హ్యాండిల్. ఆఖరిదాకా తిప్పేసింది. ఇక తిరగదు!

మోటార్ గొంతు చించుకుంటోంది... పడవ మాత్రం నీళ్ళని ఈడ్చుకుంటూ పాకుతోంది.

చీకట్లోకి ముక్కెత్తి నిలబడింది పడవ. వెనక భాగం నదిలో కూరుకుపోయింది. నీటికీ పడవ అంచుకీ మధ్య జానెడు ఎడం కూడా లేదు.

వెనకాల, మలుపు దగ్గర నీలం లైటు.

పోలీస్ బోటు!

"వచ్చేస్తున్నారు!" టోపీవాడు పళ్ళు నూరుతున్నాడు.

పొద్దుగూకేదాకా వాడెవడో ఆమెకి తెలీదు. అక్కాతమ్ముళ్ళిద్దరూ వల సర్దుకుంటుంటే తుపాకీతో వచ్చి పడ్డాడు. నగల షాపులో కొట్టుకొచ్చిన ఇనప్పెట్టెలు. అడ్డొచ్చిన వాచ్‌మన్‌ని కాల్చేశానని వాడే చెప్పాడు, గొప్పగా. పెట్టెలన్నీ పడవ వెనకే పేర్పించి, కోడిపెట్టలా వాటి మీదే కూర్చున్నాడు.

"బరువెక్కువైంది. ఒకడు తగ్గితే పోతుంది."

ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంది.

"అక్కా..." తమ్ముడి గొంతు వణికింది.

ఆమె బుర్ర చకచకా లెక్కలు వేస్తోంది.

పడవ మెల్లగా పోతే తమ్ముడు శవం. వేగంగా పోతే పోలీసులు అందుకోలేరు. అప్పుడు అవతలి ఒడ్డున ఇద్దరూ శవాలే. మొహం చూసినవాళ్ళని ప్రాణాలతో వదిలే దొంగ ఉంటాడా?

ముందు నుయ్యి... వెనక గొయ్యి!

కానీ నుయ్యి ఇంకా కాస్త దూరంలో ఉంది. గొయ్యి ఇక్కడే ఉంది. ఇప్పుడే!

"ఆగు! తప్పు బరువుది కాదు!" అరిచింది. "నువ్వు పెట్టించిన చోటుది! కావడి ఎప్పుడైనా మోశావా? మొత్తం ఒకవైపే వేస్తే ఎవడైనా నడుస్తాడా?"

"అయితే?"

"పెట్టెలు నడుమకి జరగాలి. నువ్వెళ్ళి ముందు కూర్చోవాలి. నేను మోటార్ ఆపాలి."

"ఆపాలా?" గొట్టం ఆమె వైపు తిరిగింది. "నన్ను పట్టించడానికా?"

"ఆపకపోతే ఎలాగూ పట్టుకుంటారు. నీ ఇష్టం."

టోపీవాడు వెనక నీలం లైటు కేసి చూశాడు.

"కానివ్వు! తొందరగా!"

మోటార్ ఆగింది.

ఆ నిశ్శబ్దంలో పోలీస్ బోటు హోరు నెత్తిమీదే ఉన్నట్టు వినిపిస్తోంది!

తమ్ముడు పెట్టెలు లాగుతున్నాడు.

"మరీ ముందుకొద్దురా! ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. నడుమ... కాస్త వెనక్కి! అక్కడ చాలు. నువ్వు ఎడమకి కూర్చో. కదలకు!"

ఆమె మోటార్‌ని పైకెత్తింది. అది పడవకి బిగిసే చట్రంలో చిల్లుల వరస. ఒక చిల్లులో అడ్డంగా పిన్ను. ఆ పిన్ను బయటి చిల్లులో ఉంటే మోటార్ వెనక్కి వాలి, పడవ ముక్కు లేస్తుంది. ఖాళీ పడవకి మంచిదే. ఇంత బరువున్న పడవకి అదే చావు!

ఒక చిల్లు లోపలికి మార్చాలి. అంతే!

పిన్ను రావడం లేదు... తుప్పు పట్టేసింది!

"ఏం చేస్తున్నావ్?"

"నీ ప్రాణం కాపాడుతున్నా. నోర్మూసుకో!"

వేలి చర్మం లేచిపోయింది. పిన్ను ఊడింది. లోపలి చిల్లులో దిగింది.

తాడు లాగింది. మోటార్ దగ్గింది... ఆగింది.

నీలం వెలుగు ఆమె చేతుల మీద పడుతోంది!

మళ్ళీ లాగింది.

అందుకుంది!

హ్యాండిల్ తిప్పగానే వెనక భాగం నీళ్ళలోంచి లేచింది. ముక్కు కిందికి దిగింది. పడవ నది మీద జారిపోతోంది... గాజు పలక మీద సబ్బుముక్కలా!

నీలం లైటు చిన్నదైంది. ఇంకో మలుపు తిరిగాక మాయమైంది.

ముందు కూర్చున్న టోపీవాడు పగలబడి నవ్వాడు.

"చెప్పానా?" అన్నది ఇంకో గొంతు.

తమ్ముడి గొంతు. అందులో ఇప్పుడు వణుకు లేదు!

"నా తలకి గురిపెడితే చాలు, అక్క పడవని ఎగరేస్తుందని... చెప్పానా?"

ఆమె వాడి వైపు తిరిగింది.

"వీణ్ణి తెచ్చింది... నువ్వా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"మనిషి చచ్చిపోయాడురా!"

"అది... అనుకోలేదు." తలదించుకున్నాడు. వెంటనే ఎత్తాడు. "ఈ పడవలో నేనెవర్నక్కా? ముందుకు జరగరా, వెనక్కి జరగరా, ఎడమకి కూర్చోరా! ఇసుక బస్తాని! ఒక్కనాడైనా హ్యాండిల్ నా చేతికిచ్చావా?"

ఇవ్వలేదు. నిజమే. తన చేతిలో ఉంటేనే వాడు క్షేమమనుకుంది.

"నిన్నేం చెయ్యడక్కా. మాట తీసుకున్నా."

"అవునవును," టోపీవాడు లేచి నిలబడ్డాడు. ఒడ్డు దగ్గరపడుతోంది. "మాటంటే మాటే."

తుపాకీ మాత్రం జేబులోకి వెళ్ళలేదు.

గొట్టం తమ్ముడి వీపు వైపు చూస్తోంది. వాడు అక్క వైపు తిరిగి కూర్చున్నాడు. వెనక ఏముందో చూడటం లేదు!

దొంగ మొహం తమ్ముడు కూడా చూశాడు. తననీ వదలడన్న ఊహే పిచ్చి వెధవకి రాలేదు!

ఒడ్డుకి ఇంకెంతో దూరం లేదు.

వేగంగా పోయే పడవ వెనకాల దాని అలే తరుముకొస్తుంటుంది. అందుకే ఎవరూ ఒక్కసారిగా ఆపరు.

ఆమె ఆపేసింది.

పడవ గోడకి గుద్దుకున్నట్టు ఆగింది! టోపీవాడు పడవ ముక్కు వైపు తూలాడు, దాని మీంచి వెల్లకిలా నదిలోకి ఎగిరాడు...

ఢాం! తుపాకీ పేలింది.

వెనకనుంచి అల విరుచుకుపడింది. మోటార్ నీళ్ళు మింగింది. చచ్చిపోయింది.

చీకటి. పడవలో మోకాళ్ళ లోతు నీళ్ళు. టోపీవాడు పైకి రాలేదు.

"తమ్ముడూ!"

కూర్చోబెట్టిన చోటే ఉన్నాడు. వీపులోంచి దూసుకొచ్చిన గుండు చీల్చిన పొట్టని రెండు చేతులతో పట్టుకుని.

"వాడు... నన్ను కూడానా అక్కా?"

ఆమె అరచేతులు గాయం మీద అదిమింది. వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా కారుతోంది.

"ఇటు! ఇటు రండి!" వెనక్కి తిరిగి గొంతు పగిలేలా కేకేసింది.

లైటు లేదు. హోరు లేదు.

అందనంత దూరంలో వాళ్ళని వదిలేసి వచ్చింది... తనే!