నాలుగో గుట్ట దగ్గర ఎర్రగడి

విశాఖ పోర్టులో ముడిఇనుము గుట్టల మధ్య నడిచేవాళ్ళు నాలుగో గుట్ట దగ్గరికొచ్చేసరికి అడుగు వేగం పెంచేసేవారట. అక్కడ మిషను కింద పడి చచ్చిపోయిన మనిషి... ఇంకా డ్యూటీ దిగలేదని చెప్పుకునేవారు.

రెండువేల తొమ్మిది నాటికి ఆ మిషను మీద డ్రైవరే లేడు. గుట్టను తవ్వి బెల్టు మీద పోసే ఆ పెద్ద చక్రాన్ని, దూరంగా గదిలో కూర్చుని కామరాజు తిప్పేవాడు. ఎదురుగా తెర. కెమెరా పంపే బొమ్మ మీదే కంప్యూటరు గీతలు గీసేది — చక్రం వెళ్ళే దారి పచ్చగా, అక్కడ మనిషుంటే చుట్టూ ఎర్రగడి. ఎర్రగడి పడిందా, మిషను ఆగిపోవాల్సిందే.

ఆ రాత్రి కామరాజుది వరసగా రెండో షిఫ్టు. కళ్ళలో ఇసుక పోసినట్టుంది.

నాలుగో గుట్ట దగ్గర మిషను ఆగింది.

తెర మీద ఎర్రగడి. లోపల... ఎవరూ లేరు.

"మళ్ళీ అదే రోగం! మీట నొక్కి నడిపేయవయ్యా, ఓడ కాసుక్కూర్చుంది," అన్నారు షిఫ్టు ఇన్‌ఛార్జి శ్రీరామ్మూర్తిగారు, కుర్చీలో కళ్ళు మూసుకునే.

కామరాజు వేలు మీట మీదికి వెళ్ళింది. నొక్కితే గడి పోతుంది, చక్రం కదులుతుంది, ఎలాగోలా తెల్లారుతుంది...

గడి వెడల్పయింది. ఎవరో రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డట్టు.

"ఒక్కపాలి సూసొత్తాను సార్."

టార్చీ, వాకీటాకీ పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. ఎర్రదుమ్ము. సముద్రపు గాలి. గడి పడ్డ చోట నేల ఖాళీ. వెనక్కి తిరగబోతుంటే — గుట్ట వెనక నుంచి గురక!

కెమెరాకి అందని మూలన, బెల్టు ఊడ్చే దాలయ్య. చక్రం కదిలుంటే గుట్ట విరిగి పడేది సరిగ్గా అతని మీదే.

"లే బావా! ఇక్కడేటి పడుకున్నావ్?"

"నిన్నట్నుంచీ పన్లోనే ఉన్నాను బావా... నడుం వాల్సినాను, నిద్దరట్టేసినాది."

కామరాజు అతణ్ణి భుజం పట్టి లైట్ల కిందికి నడిపించాడు. వాకీటాకీ నొక్కాడు.

"సార్... మన దాలయ్య! బతికున్నాడు. తెర మీద అగుపిస్తన్నామా?"

కాసేపు గరగర.

"కనిపిస్తున్నారు. మీ ఇద్దరి చుట్టూ గడులు పడ్డాయి..." అన్నారు శ్రీరామ్మూర్తిగారు. "కామరాజూ... మరి మిమ్మల్ని దాటుకుని, సముద్రం వైపు మెల్లగా నడిచిపోతోందే... ఆ మూడో గడి ఎవరిదయ్యా?"