రాతిచిప్పలో తోడు

తోడు తనంతట తానే చస్తోందా, ఎవరైనా చంపుతున్నారా? ఈ అనుమానం నూకరత్నాన్ని ఏళ్ల తరబడి పీడిస్తోంది.

ఆ రోజూ అదే ఆలోచనతో తొట్టి మూత తీసింది. చెరుకురసం మీద తెల్లటి తీపినార పొరలు పొరలుగా తేలుతోంది. పాలకి వేసే తోడులాగే రసంలో వేసే ఈ తోడులోనూ కంటికి కనబడని జీవాలుంటాయి. అవి కూర్పరి అనే ఊటని విడుదల చేస్తే, ఆ ఊట రసంలోని తీపిని పూసలు గుచ్చినట్టు గుచ్చి నార చేస్తుంది. ఊళ్లో ఇంటికప్పులూ, వలలూ, కట్టుకునే చీరలూ ఆ నారవే. ప్లాస్టిక్ అన్న మాట ఆమె అమ్మమ్మ నోట విన్నదే తప్ప ఎరగదు.

అమావాస్య వచ్చేసరికి తోడు చచ్చిపోతుంది. బీజశాల కొత్త తోడు పంపి, తీసిన నారలో సగం పట్టుకుపోతుంది. తోడు స్వభావమే అంత అంటారు వాళ్లు. మరి దేవుడి గూట్లో రాతిచిప్ప మాటేమిటి? ఎప్పుడో గౌరమ్మకి నైవేద్యం పెట్టిన తొలి గరిటె తోడు అందులో ఇంకా బతికే ఉంది. రోజూ చిటికెడు బెల్లం వేస్తే చాలు, కొత్త నార కడుతుంది.

అమ్మవారి మహిమ అనుకుంటే మనసుకి హాయి. కానీ అమావాస్య ముందు తొట్టి శుభ్రానికని బీజశాల ఇచ్చే తెల్లపొడిని ఆమె చిప్పలో ఏనాడూ వెయ్యలేదు. దేవుడి చిప్పలో పొడి ఎవరు జల్లుతారు?

"తొట్టి చూడొచ్చా అమ్మా?" అంటూ బీజశాల తనిఖీదారు కౌశిక్ లోపలికొచ్చాడు. మర్యాదస్తుడే. చూపు మాత్రం మూలమూలలా తిరుగుతుంది.

"ఎదురింటి ముత్యాలమ్మగారి తోడు గడువుకి ముందే చచ్చింది. రేపు మావాళ్లు తొట్టి పట్టుకెళ్లిపోతారు."

"అదే ఆవిడ బతుకు కదా బాబూ. ఇంకో తోడు ఇవ్వకూడదా?"

"నియమం లేదమ్మా. రేపటికి తొట్టి నార కడుతుంటే వేరే మాట." అతని చూపు గూటి మీద ఆగింది. "ఆ చిప్పలో ఏముంది?"

"నైవేద్యం."

అతను చూపు తిప్పుకుని గుమ్మం వైపు నడిచాడు. కాపలాకని బీజశాల గుమ్మం మీద బిగించిన తొట్టికన్ను పచ్చగా వెలుగుతూ ఇద్దర్నీ చూస్తోంది.

అతను వెళ్లగానే నూకరత్నం వీధి దాటింది. ముత్యాలమ్మ చచ్చిన తొట్టి పక్కన కూలబడి ఉంది.

"ఏటి సేసావు వదినా?"

"ఏటి సేత్తానే! కోడలికి పురుడొచ్చింది కదా. పదకొండోనాడు ఇల్లంతా కడిగాం. తొట్టికి మాత్రం మైలుండదేటని రెండు గుప్పెళ్లు తెల్లపొడి జల్లాను. సాయంత్రానికి సచ్చూరుకుంది."

"కొత్త తోడేనా?"

"మొన్న అమావాస్యకిచ్చిందే."

నూకరత్నం తొట్టిలోకి తొంగి చూసింది. ఇన్నాళ్ల అనుమానం నిజమై కళ్లెదుట మురిగిపోతోంది.

"అలా సూత్తావేటే? నా సెంబుడు తోడు బాకీ ఉన్నావు. ఇప్పుడైనా తీర్చు," అంది ముత్యాలమ్మ. నవ్వబోయింది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నూకరత్నం కాపురానికొచ్చిన ఏడు తొట్టి ఒరిగి తోడంతా నేలపాలైతే, అడక్కుండానే చెంబునిండా తెచ్చిచ్చింది ఈవిడే. ఆ తర్వాత బీజశాల వచ్చింది. ఒకరి తోడు ఇంకొకరికివ్వడం నేరమైంది. బాకీ అలాగే నిలిచిపోయింది.

చీకటి పడితే తొట్టికన్నుకి చూపు ఆనదు. కానీ దీపాలు పెట్టాక తోడు గడప దాటకూడదని అత్తగారు నేర్పిన పద్ధతి. అత్తగారు పోయినా పద్ధతి పోలేదు. ఇస్తే పొద్దుండగానే ఇవ్వాలి. కన్ను చూస్తే తన తొట్టి కూడా పోతుంది.

గౌరమ్మ ముందు కూర్చుని అడిగింది. "తల్లీ, నీ నైవేద్యం ఎదురింటికిస్తే కోపమా?"

చిప్పలో ఒక బుడగ పైకొచ్చి పగిలింది. అది జవాబో, తోడు ఊపిరో ఆమె తేల్చుకోలేదు. అటక మీంచి పాత చెంబు దించి, సగం తోడు అమ్మవారికి ఉంచి సగం అందులోకి వంచింది.

గడప దాటగానే తొట్టికన్ను ఎర్రబడి అరిచింది. వీధి చివర బండి ఎక్కబోతున్న కౌశిక్ పరుగున వచ్చాడు.

"ఆగండమ్మా! ఏంటది?"

"బాకీ."

"అది బీజశాల తోడు! ఇవ్వకూడదని మీకు తెలుసు!"

"బీజశాల తోడు అమావాస్యకి చస్తుందన్నది మీరే కదా బాబూ. ఇది ఎన్ని అమావాస్యలు చూసిందో నాకే గుర్తులేదు. తెల్లపొడి వెయ్యలేదు, అంతే. మరి ఇదెవరిదో నువ్వే చెప్పు."

చెంబు కోసం చాచిన చేతిని కౌశిక్ వెనక్కి తీసుకున్నాడు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తమకీ తోడు కావాలన్నట్టు ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు వినిపించింది.

గుమ్మంలోకొచ్చిన ముత్యాలమ్మ చెంబు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఈ సెంబు నాదేనే!"

"ఖాళీ సెంబు ఎలా తిరిగిత్తాను వదినా? అందుకే ఇన్నాళ్లూ దాసాను."

ముత్యాలమ్మ కడిగిన తొట్టిలో కొత్త రసం పోసి, చివరి చుక్క దాకా చెంబు వంచింది.